మోకాలికి ఏడు

ఆ సీజన్‌లో మావాడి నొప్పికి అంకె వేసింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత చెబుదామని ఆగితే దానికి ఏదో ఒక సాకు తగిలిస్తానని నా మీద నాకే అనుమానం.

మావాడు బాస్కెట్‌బాల్ ఆడతాడు. సరదాకి కాదు, అదే వాడి ఉద్యోగం. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. మా ఇంట్లో ఏ గుమ్మం దాటినా తల వంచాలి. ఏదో ఒకరోజు వంచడం మరిచిపోతాడని భయపడి, నేను గుమ్మాలన్నిటికీ పైన స్పాంజి అంటించాను. మా చిన్నది, అంటే వాడి చెల్లెలు, అది చూసి పడీ పడీ నవ్వింది. "ఎవరైనా తుమ్మితే చాలు, మా అమ్మ అంబులెన్సు నంబరు వెతుకుతుంది" అని అందరికీ చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఫోను మోగితే నాకు ముందు ఆసుపత్రే గుర్తొస్తుంది.

ఆ ఏడాది వాళ్ళ టీము మొదటి ఆరు మ్యాచ్‌లలో ఐదు గెలిచింది. ఆ తర్వాత మొదలైంది. కెప్టెన్‌కి మోకాలు పోయింది. ఒకడికి నడుము పట్టేసింది. ఇద్దరికి తొడ కండరాలు చిరిగాయి. దూరం నుంచి గురి తప్పకుండా వేసే షూటర్‌కైతే ఆటలో కూడా కాదు, బస్సు తలుపులో వేలు నలిగి ఎముక విరిగింది. పన్నెండు మందిలో ఏడుగురు మిగిలారు. సాధనలో రెండు జట్లు చెయ్యడానికి మనుషులు చాలక, యాభై దాటిన అసిస్టెంట్ కోచ్ బొజ్జతో సహా దిగి పరిగెత్తేవాడు.

బోర్డు కింద నిలబడి బంతి కోసం ఎగిరే పొడుగువాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకడు మావాడు. రెండోవాణ్ణి అందరూ నిచ్చెన అనేవారు. మావాడికన్నా రెండంగుళాలు ఎత్తు, ఏడేళ్ళు పెద్ద. ఆ మధ్యే చీలమండ బెణికి మూడు వారాలు కూర్చుని, అప్పుడే తిరిగొచ్చాడు. ఇదే తన చివరి సీజన్ అని, ఇది కాస్తా కాళ్ళ మీద నిలబడి ముగిస్తే చాలని అనేవాడు. మా ఇంటికొస్తే గుమ్మం దగ్గర ఆగి, "ఆంటీ, నాకోసం ఇంకో వరస స్పాంజి వెయ్యండి" అనేవాడు.

ఇంతమంది పడిపోయేసరికి క్లబ్బు ఫిజియో కొత్త పద్ధతి పెట్టింది. ఆటగాళ్ళందరూ రోజూ పొద్దున్న ఎనిమిదిలోపు ఫోన్‌లో ఒక ఫారం నింపాలి. ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎంత అలసటగా ఉంది, ఎక్కడ నొప్పి. నొప్పి దగ్గర ఒక మనిషి బొమ్మ వస్తుంది. దానికి ముఖం ఉండదు. నొప్పి ఉన్న చోట వేలు పెడితే ఎర్రచుక్క పడుతుంది. సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పో అంకె నొక్కాలి. ఆరు దాటితే ఆ రోజు సాధన లేదు. రెండు రోజులు వరసగా దాటితే మ్యాచ్ లేదు.

మావాడికి పొద్దున్నే లేవడమంటే ప్రాణసంకటం. మూడో రోజుకే దుప్పటిలోంచి చెయ్యి బయటికి పెట్టి ఫోను నా చేతిలో పడేశాడు.

"అమ్మా, నువ్వే నొక్కెయ్. మోకాలికి రెండు. మిగతావన్నీ సున్నా."

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. కర్టెన్లు కుట్టే షాపులో కొలతలు రాస్తాను. రెండు నొక్కడం పెద్ద విద్య కాదు. వారం రోజులు రెండే నొక్కాను.

ఒకరోజు సాయంత్రం వాడు మేడ మెట్లు ఎక్కడం చూశాను. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఎక్కుతున్నాడు. నాకు కెప్టెన్ గుర్తొచ్చాడు. మోకాలు పోయేముందు అతనూ ఇలాగే ఎక్కేవాడేమో, వాళ్ళమ్మ చూడలేదేమో అనిపించింది. మర్నాడు నాలుగు నొక్కాను. ఏమీ జరగలేదు. ఆ మర్నాడు ఏడు నొక్కాను.

ఆరోజు వాడు పదకొండింటికల్లా ఇంటికొచ్చేశాడు. "ముందుజాగ్రత్తట, సాధన వద్దన్నారు" అని విసుక్కుంటూ మోకాలి మీద ఐసు పెట్టుకుని నిద్రపోయాడు. ఆ నిద్ర చూసి నా ప్రాణం లేచొచ్చింది. ఇంక చెయ్యి ఆగలేదు. నాలుగు రోజులు వరసగా ఏడే. ఆ నాలుగు రోజుల్లో రెండు మ్యాచ్‌లు వచ్చాయి.

వాడు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. "నాకేం కాలేదని మొత్తుకుంటుంటే వినరేం? ఫిజియో నా మోకాలు నొక్కి చూసింది, నొప్పి లేదన్నాను. అయినా కూర్చోమంటుంది. స్కానింగ్‌కి నాకన్నా ముందు ముగ్గురున్నారట."

"పెద్దవాళ్ళు చెప్పినప్పుడు వినాలి నాన్నా" అన్నాను.

చిన్నది నా ముఖం వంక అదోలా చూసింది. నేను కుట్టుమిషను వైపు తిరిగాను.

మొదటి మ్యాచ్ ఓడిపోయారు. రెండోదానికి నేను వెళ్ళాను. మావాడు మామూలు బట్టల్లో బెంచీ చివర కూర్చున్నాడు. బోర్డు కింద నిచ్చెన ఒక్కడే. మొదటి భాగం అంతా అతనే, రెండో భాగం అంతా అతనే. మధ్యలో విరామం ఇస్తే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయేవాడు. మూడో భాగంలో బంతి కోసం ఎగరబోయి, ఎగరకుండానే కింద పడ్డాడు. చప్పుడు మా వరసదాకా వినిపించింది. మందపాటి గుడ్డ చించినట్టుంది. ఎవరో తనని వెనక నుంచి తన్నారనుకుని అతను తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. మడమ వెనక నరం తెగిందని ఆ తర్వాత తెలిసింది.

హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో నా మనసులోకి వచ్చిన మొదటి మాట 'మావాడు కాదు' అన్నది. ఊపిరి పీల్చుకున్నాను. పక్కావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే, నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. స్ట్రెచరు మా ముందు నుంచి వెళ్ళేటప్పుడు అతని పాదాలు చివరి నుంచి బయటికి వేలాడుతున్నాయి. అప్పటికిగానీ నాకు తట్టలేదు, అతను అంతసేపు ఎందుకు ఆడాల్సి వచ్చిందో. బస్సులో ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

మర్నాడు పొద్దున్న సున్నా నొక్కాను. భయంతో నొక్కాను, నిజమని కాదు.

వారం గడిచాక ఒక సాయంత్రం మావాడు వచ్చి నా మిషను పక్కన నిలబడ్డాడు. నేను కర్టెన్ అంచు మడుస్తున్నాను.

"అమ్మా, నా ఫోన్‌లో ఏడు ఎవరు నొక్కారు?"

"నేనే" అన్నాను.

"నేను రెండన్నాను."

"మెట్ల మీద కమ్మీ పట్టుకుని ఎక్కావురా."

"కమ్మీ ఉన్నదే పట్టుకోవడానికి." వాడు అరిస్తే బాగుండేది. అరవలేదు. "షూటర్ అందరి ముందూ అడిగాడు. ఏడు రాసి ఇంట్లో పడుకున్నావు, నిచ్చెన నీ వంతు కూడా ఆడి పడిపోయాడు అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. ఫిజియో ఫారాలు తీసి చూపించింది. నాలుగు ఏడులు."

"నేనొచ్చి చెప్తాను. మా అమ్మ నొక్కిందని చెప్పకపోయావా?"

"ఇరవై ఆరేళ్ళవాడి నొప్పి వాళ్ళమ్మ నొక్కిందని చెప్పనా? నేనే నొక్కానన్నాను. పొరపాటున నొక్కానంటే, నాలుగు రోజులూ పొరపాటేనా అన్నారు. దాంతో, అలసిపోయి కావాలనే నొక్కానని చెప్పేశాను."

చిన్నది, ప్రతిదానికీ ఒక వెటకారం ఉండే పిల్ల, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఇంటికి వాడి స్నేహితులెవరూ రాలేదు. మ్యాచ్‌లో వాడు బంతి అందిస్తే, ఆటగాళ్ళు తక్కువైన టీమే అయినా, తిరిగి వాడి చేతికి పాస్ వచ్చేది కాదు. పిల్లవాడికి దెబ్బ తగలకుండా చూడాలనుకున్న నేను, వాడికి నలుగురిలో ముఖం లేకుండా చేశాను.

గురువారం షాపులో సగం రోజు సెలవడిగి వాళ్ళ హాలుకి వెళ్ళాను. బూట్లు నేలకి రాసుకునే కీచు చప్పుడు, నొప్పి మందుల వాసన. కోర్టు పక్క గదిలో ఫిజియో ఏవో కాగితాలు చూస్తోంది. కిటికీ దగ్గర నిచ్చెన కూర్చుని ఉన్నాడు, ప్లాస్టర్ వేసిన కాలు మంచం మీద చాపి. అతను అక్కడ ఉంటాడని అనుకోలేదు. వెనక్కి తిరిగి పోదామనిపించింది. నిజం చెబుతున్నాను, ఒక అడుగు వెనక్కి వేశాను కూడా.

"రండి ఆంటీ, ఏంటిలా వచ్చారు?" అన్నాడతనే.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. "ఆ ఏడులు మావాడు వేసినవి కావు. నేను వేశాను. వాడికి తెలియదు. నా మీదికి రాకూడదని తన నెత్తిన వేసుకున్నాడు."

ఫిజియో కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాలుగు రోజులూ?"

"నాలుగు రోజులూ."

"అతని మోకాలు పట్టుకుని చూసినప్పుడు మూడుకి మించి లేదనిపించింది" అంది, నాతో కాదు, కాగితాలతో అన్నట్టు. "ఆడాలన్న ఆశతో వీళ్ళు నోటితో నిజం చెప్పరు, ఫోన్‌లో అయితే చెబుతారనుకున్నాను. ఆ అంకె మాట ఎత్తితే ఫోన్‌లోనూ దాస్తాడని అతని దగ్గర ఎత్తలేదు. నా చేతిని కాదని ఫోన్‌ని నమ్మాను. నిచ్చెనని సగం సేపే ఆడించమని కోచ్‌కి రాసిచ్చింది కూడా నేనే. రెండోవాడు లేనప్పుడు ఆ కాగితం ఎవరు చూస్తారు?"

నిచ్చెన కిటికీ బయటికి చూస్తున్నాడు. "నేను రోజూ సున్నా నొక్కాను ఆంటీ. ఆ మ్యాచ్ రోజు కూడా. వాపుతో బూటు పట్టకపోతే మా ఆవిడ వెనక నుంచి లాగి ఎక్కించింది. అప్పుడూ సున్నాయే."

ఆ మాట వినగానే నాలో ఏదో బరువు కాస్త దిగింది. దిగిందని తెలియగానే తల కొట్టేసినట్టయింది. అంత కష్టంలో ఉన్నవాడి తప్పు వెనక నేను దాక్కోవడానికి చోటు వెతుక్కుంటున్నాను.

అతను నా ముఖం చూశాడు. "మిమ్మల్ని ఓదార్చడానికి చెప్పలేదు. మీవాడు ఉండుంటే నేను సగమే ఆడేవాణ్ణి. అదీ నిజమే."

"నేనిప్పుడేం చెయ్యాలి బాబూ?"

"నాకు చెబితే ఏం లాభం? వాళ్ళకి చెప్పండి. నేను నడిచి వెళ్ళి చెప్పలేను కదా."

ఫిజియో నన్ను కోర్టులోకి తీసుకెళ్ళింది. కోచ్ ఈల వేశాడు. చెమటలు కారుతూ ఆరుగురూ వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. పట్టీ కట్టిన వేలితో షూటర్ కూడా వచ్చాడు. అందరి ముఖాలూ చూడాలంటే నేను తలెత్తి చూడాలి. ఎత్తలేకపోయాను. వాళ్ళ బూట్లకే చెప్పాను. మావాడివి ఏవో పోల్చుకుని, వాటి వైపు మాత్రం చూడకుండా చెప్పాను.

"మరి తనే నొక్కానని ఎందుకన్నాడు?" అన్నాడు షూటర్.

"నా పరువు పోతుందని."

"మా అమ్మయితే పదే నొక్కేది" అని వెనక ఎవరో గొణిగారు. ఇద్దరు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. కానీ మావాడి చెవులు ఎర్రబడడం చూశాను. వాడు దొంగ నొప్పి రాశాడన్న మాట పోయింది. దాని చోట ఇంకోటి వచ్చింది. అది నేను ఇంటి నుంచి తీసుకొచ్చి మరీ ఇచ్చాను.

"ఇంక చాలమ్మా, పద" అన్నాడు వాడు.

కోచ్ షూటర్‌ని పేరు పెట్టి పిలిచాడు. షూటర్ ఒక్క క్షణం తటపటాయించి, మావాడి దగ్గరికొచ్చి, బాగున్న చేత్తో భుజం మీద తట్టాడు. "తొందరపడ్డాను లేరా" అన్నాడు. మావాడు తలూపాడు. నావైపు చూడలేదు.

బస్సు స్టాపు దాకా నాతో వచ్చాడు. నేను వెనకబడకుండా అడుగులు చిన్నవి చేసి నడిచాడు. బస్సు మలుపు తిరుగుతుండగా అన్నాడు:

"ఇంక మ్యాచ్‌లకి రాకు అమ్మా."

"రాను" అన్నాను.

"కోపంతో కాదు."

"తెలుసు." తెలియదు. కోపమైతే బాగుండునని అనుకున్నాను.

మిగిలిన తొమ్మిది మ్యాచ్‌లలో మూడు గెలిచారు. ఒక్కటీ చూడలేదు. వాడు ఆడి ఇంటికొచ్చి బూట్లు విప్పుతున్నప్పుడు, వంటింటి గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. ఏ కాలు నెమ్మదిగా తీస్తున్నాడో, ఏ చేత్తో కుర్చీ పట్టుకుంటున్నాడో కళ్ళు వాటంతటవే వెతికేవి. దెబ్బేమైనా తగిలిందా అన్న మాట గొంతుదాకా వచ్చేది. ఇదివరకు రోజుకి పదిసార్లు అడిగిన మాటే. ఇప్పుడు అడిగే ముఖం నాకు లేదు. మింగేసి, "నీళ్ళు కాగాయి, స్నానం చెయ్యి" అనేదాన్ని.