నలుగురికి మించి

జనార్ధనరావు సింగపూర్‌లో చరిత్ర పరిశోధకుడు. పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లాండ్‌లో ఎపిస్కోపల్ అనే శాఖ క్రైస్తవులు పడ్డ కష్టాల మీద ఏళ్లుగా రాస్తున్నాడు. ఎవరి బాధ గురించైనా బ్రహ్మాండంగా రాయొచ్చు, అది మన పక్కగదిలో లేనంతవరకు.

ఆ పక్కగదిలో సువార్త ఉంటుంది. జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంట్ ఇంజనీరు. బుకిట్ బటోక్‌లో జనార్ధనరావు దంపతుల ఫ్లాట్‌లోనే ఒక గది అద్దెకు తీసుకుంది. వారమంతా చాకిరీ చేశాక ఆమెకు మిగిలేది ఆదివారం తన గదిలో తెలుగువాళ్లతో చేసుకునే ప్రార్థనే. ఒకసారి గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి ఈయనకు చిర్రెత్తుకొచ్చింది. నలుగురికి మించి రావడానికి వీల్లేదని కరాఖండిగా చెప్పేశాడు. సరే అంకుల్ అందా అమ్మాయి. అప్పట్నుంచి నలుగురు వచ్చి వెళ్లాక మరో నలుగురు వచ్చేవాళ్లు. అతితెలివి అని భార్య ఉమ దగ్గర సణిగాడు.

ఒక శనివారం భోజనాల దగ్గర తన సెమినార్ ప్రసంగం చదివి వినిపించాడు. విన్నది ఉమ, సువార్త. పదవి పోయిన రాజవంశం పక్షమన్న అనుమానంతో ఆ క్రైస్తవుల మీద చట్టం తెచ్చారట. ఇంట్లోవాళ్లు కాక నలుగురికి మించి చేరితే మతగురువుకు జైలు. అందుకే పాపం, ఒకే ప్రార్థనను విడతలు విడతలుగా చేసుకునేవారట. ‘పాపం’ దగ్గర ఆయన గొంతు బొంగురుపోయింది కూడా.

ఉమ పప్పుగిన్నె మీద మూత పెట్టింది. "ఏవండీ, ఈ నలుగురి లెక్క మనింట్లోనే విన్నట్టుందే."

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ చట్టం ఎప్పుడు పోయిందని సువార్తే మెల్లగా అడిగింది. 1792లో, రాజుగారి పేరు చెప్పి ప్రార్థిస్తామని ఒప్పుకున్నాక, అని ఆయన కంచంలోకి చూస్తూ గొణిగాడు.

"రేపు అందర్నీ రమ్మనమ్మా. హాల్లో కూర్చోండి," అన్నాడు చివరికి.

ఆదివారం హాలు నిండింది. ఆయన తన గదిలో తలుపు చేరేసుకుని కూర్చున్నాడు. పాట అయ్యాక సువార్త గొంతు వినిపించింది.

"ప్రభువా, మాకు చోటిచ్చిన జనార్ధనరావు అంకుల్‌ని దీవించు. ఆయన మంచి మనసుకి స్తోత్రం."

అందరూ ఆమెన్ అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. నాది మంచి మనసు కాదమ్మా, తప్పంతా నాదే అని చెప్పేద్దామని లేచి తలుపు తీశాడు.

ఆయన్ని చూడగానే హాల్లో అందరూ గౌరవంగా లేచి నిలబడ్డారు. కూర్చోండి అని కూడా అనకుండానే ఆయన మళ్లీ తలుపు చేరేసుకున్నాడు.