నల్ల కారు, నీలం తువ్వాలు

తిప్పన్న నల్ల కారు మా వాకిట్లో నిలిచి అప్పటికి మూడు గంటలయింది. ఆ మూడు గంటల్లో నా కోడలు భాగ్య దాన్ని రెండుసార్లు కడిగింది. మూడోసారి కడగడానికి నీళ్ళు కావాలని తొట్టి దగ్గర నిలబడింది.

"అడుగంటినాయి భాగ్యా. రేపు నీళ్ళొచ్చే దాకా ఇవే తాగాల, ఇవే వండుకోవాల," అన్నాను.

"రెండే బకెట్లు అత్తా."

"పొద్దున కూడా రెండే అన్యావు. ఆ తర్వాత ఇంకోసారి రెండే అన్యావు."

ఆమె తొట్టిలోకి వంగింది. బకెట్ ముంచింది.

సాయంత్రం నాలుగింటికి తిప్పన్న పెనుకొండ నుంచి వస్తాడు. ఆయనకు ఆరు కార్లున్నాయి. ఎర్రమంచి ఫ్యాక్టరీకి వచ్చిపోయే ఆఫీసర్లను తిప్పుతాయి. నా కొడుకు హరిప్రసాద్ వాటిలో ఒకదానికి డ్రైవరు. భాగ్య పెండ్లికి ముందు హిందూపురంలో ఒక కార్ల షోరూములో పనిచేసింది. అమ్ముడుపోయిన కారును అప్పగించే ముందు కడిగి, తుడిచి, మెరుగు పెట్టే పని. ధర్మవరం కాపురానికి వచ్చాక ఆ పని పోయింది. మగ్గం మీద కూర్చోబెడితే అరగంటకే నడుము పట్టుకుంటుంది. నెల రోజులు మొగుడి చెవిలో పోరి, అతనితో తిప్పన్నను అడిగించి, ఈ ఒక్క కారు తెప్పించుకుంది.

"నాకు నచ్చితే ఆరు కార్ల పనీ నీకే. నచ్చకపోతే మళ్ళీ అడగొద్దు," అని తిప్పన్న ఫోన్లోనే చెప్పాడు. అంతకన్నా ఎక్కువ మాటలు ఆయన దగ్గర ఉండవు.

భాగ్య సామాను గురించి చెప్పకపోతే నా విసుగు మీకు అర్థం కాదు. నేను మగ్గానికి పట్టు నూలు చుట్టిన కండెలు పెట్టుకునే గూట్లో ఇప్పుడు సీసాలున్నాయి. వాటి మీద రాసిందంతా ఇంగ్లీషు. అందుకని నేనే చీటీలు రాసి అంటించాను. కారు ఒళ్ళు కడిగే షాంపూ, చక్రాలది, అద్దాలది, లోపలి ప్లాస్టిక్‌ది, టైర్ల నలుపు. ఒక డబ్బాలో మెత్తని మట్టి ముద్ద ఉంటుంది. కడిగాక కూడా రంగు మీద అంటుకున్న గరుకును అది లాగేస్తుందట. ఒకసారి కింద పడితే ఇక పనికిరాదట. చపాతీ పిండి కింద పడినా దులిపి వాడుకుంటాము గానీ దీనికి ఆ వీలు లేదు.

బకెట్లు రెండుండాలి. ఒకటి షాంపూ నీళ్ళకు, ఒకటి గుడ్డ జాడించడానికి. రెండింటి అడుగునా జల్లెడ లాంటి ప్లాస్టిక్ బిళ్ళ. ఇసుక కిందికి దిగితే మళ్ళీ పైకి రాకూడదని. తువ్వాళ్ళకు రంగులు. నీలం ఒంటికి, పసుపు అద్దాలకు, బూడిద రంగువి చక్రాలకు. చక్రాల తువ్వాలు ఒంటి తువ్వాలును తాకకూడదు. మా అవ్వ కూడా ఇంత మడి కట్టుకోలేదు. ఒకరోజు నేను పసుపు తువ్వాలుతో పొయ్యి గట్టు తుడిచానని భాగ్య రెండు పూటలు ముభావంగా ఉంది.

ఆ సామాన్లలో నాకు నచ్చింది ఒక్కటే, గుండ్రటి కుచ్చు ఉన్న పెయింట్ బ్రష్షు. ఏసీ గాలి వచ్చే సందుల్లో, కంపెనీ పేరు అక్షరాల మధ్యలో ఉన్న దుమ్మును అది సున్నితంగా లాగుతుంది. ఆ పని నాకు ఇస్తే చేస్తాను. మిగతావి ఆమె నన్ను ముట్టనివ్వదు. తువ్వాళ్ళు ఉతికి ఆరేయడం మాత్రం నాదే.

ఆ రోజు పొద్దున ఎనిమిదికి మొదటిసారి కడగడం అయిపోయింది. నీలం తువ్వాలు పెద్దది, దుప్పటిలా మందంగా ఉంటుంది. భాగ్యకు ప్రాణం దాని మీద. దాన్ని బానెట్ మీద పరిచి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగితే నీళ్ళన్నీ అది తాగేస్తుంది. తుడవడం అయ్యాక దూరం జరిగి చూసుకుంది. నీడలో కారు కొత్త గుండ్రాయిలా నున్నగా మెరుస్తోంది.

ఎదురింటి మిద్దె దాటి ఎండ పడింది. బానెట్ మీద సన్నని గీతలు. సాలెగూడు అల్లినట్టు, ఎటు వైపు నుంచి చూస్తే అటు వైపు మెరుస్తున్నాయి.

"ఇవి ముందే ఉన్నాయేమో," అన్నాను.

"లేవత్తా. కడగక ముందు ఫోన్ లైటేసి చూసినా. డోరు కాడ ఒక గీత ఉన్యది. అంతే."

షాంపూ సరిగ్గా కలవలేదేమోనని రెండోసారి కడిగింది. మళ్ళీ నీలం తువ్వాలుతోనే తుడిచింది. గీతలు ఇంకొన్ని పెరిగాయి. నీళ్ళలో ఉప్పు ఎక్కువని నీళ్ళను తిట్టింది. ఈ షాంపూ అసలుది కాదేమోనని సీసాను తిట్టింది. హరిప్రసాద్‌కు ఫోన్ చేసింది.

"యాడ తోలినావు దీన్ని నువ్వు? కంపచెట్లలో దూర్చినావా?"

అవతల వాడేమన్నాడో నాకు వినపడలేదు. "నాకు తెలీదులే, పెట్టేస్తా అంటే ఎట్ల?" అని తనే ఫోన్ పెట్టేసింది.

మూడోసారి బకెట్లు నింపుతుంటే పక్కింటి కుళ్ళాయమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఖాళీ బిందె.

"ఏం వదినా, కారుకు పురిటి నీళ్ళు పోస్తాండారా? పొద్దున్నుంచి మూడోసారి."

"నీకేం కావాల్నో చెప్పు కుళ్ళాయమ్మా."

"ఒక బిందె నీళ్ళు అడుగుదామని వచ్చినా. ఇప్పుడు అడిగేదానికి భయమయితాండాది. కారు ఏమనుకుంటాదో."

భాగ్య తల ఎత్తలేదు. నేను ఆమె బిందెలో సగం పోశాను. అది పట్టుకుని పోతూ కూడా వెనక్కి తిరిగి, "సబ్బు పొడేసి కొబ్బరి పీచుతో రుద్దితే ఒక్క బకెట్లో అయిపోతాది గదా," అని సలహా ఇచ్చి పోయింది. భాగ్య పళ్ళు కొరకడం నాకు వినిపించింది.

నాకూ ఓపిక చచ్చిపోయింది. మూడోసారి తుడవడానికి భాగ్య నీలం తువ్వాలు పిండి ఇవ్వమంటే, రెండు చేతులతో బలంగా మెలితిప్పాను. అరచేతిలో చురుక్కుమంది.

నలభై ఏళ్ళుగా మగ్గం మీద ఉన్న చేయి. ఏ పోగు ఎక్కడ తెగిందో చూడకుండానే చెబుతుంది. ఆ చురుకు ఏమిటో నాకు వెంటనే తెలిసింది. తువ్వాలును ఎండకు పట్టి నూగు విడదీశాను. లోపల, నూగు మొదళ్ళలో దాక్కున్నట్టు, వేలిగోరంత జరీ ముక్క. దాని పక్కన ఇంకొకటి. కింది అంచు వైపు నాలుగు. ఎర్రటి మెరుపున్న జరీ. ఇప్పుడు నా మగ్గం మీద నేస్తున్న చీర అంచుది.

తువ్వాళ్ళు వాకిట్లో ఆరేస్తే గాలికి దుమ్ము లేచి పడుతోందని భాగ్య అంటే, నేనే వాటిని మగ్గం గదిలోకి మార్చాను. మా ఇంట్లో అన్నిటికన్నా శుభ్రమైన గది అది. పట్టు మీద మరక పడకూడదని పొద్దున, సాయంత్రం ఊడుస్తాను. చెప్పుల కాళ్ళు రానివ్వను. తాలింపు పొగ రానివ్వను. ఫ్యాను కూడా అక్కడే ఉంది. తాడు మగ్గం మీదుగానే కట్టాను. ఆరిన తువ్వాళ్ళను నేసిన చీర మీదే పెట్టి మడతపెట్టేదాన్ని. అంచు దగ్గర జరీ కొసలు కత్తిరించేది కూడా అక్కడే.

జరీ ముక్కలను మేము చెత్త అనుకోము. ఊడ్చినా బయట పారేయము, డబ్బాలో దాచుకుంటాము. తలలో ఉంటాయి, చాపలో ఉంటాయి, ఒక్కోసారి అన్నంలోనూ కనపడతాయి. దాన్ని ఎవరూ మురికి అనరు. అది సన్నని లోహపు తీగ అన్న సంగతి నాకు తట్టనే లేదు.

చెప్పాలా వద్దా అని ఒక నిమిషం ఆలోచించాను. అబద్ధం ఎందుకు. ఈ రంగుల మడి, ఈ సీసాలు, ఈ నీళ్ళు అన్నీ చూసి విసిగిపోయి, గీతలు నా కొడుకు తోలడం వల్లే పడ్డాయని ఆమె అనుకుంటే పోలేదా అనిపించింది. కానీ భాగ్య అప్పటికే ఆ తువ్వాలు కోసం చేయి చాపింది.

"దీంతో తుడవొద్దు," అన్నాను. అరచేయి తెరిచి చూపించాను.

ఆమె ఒక ముక్కను గోటితో తీసి ఎండకు పట్టి చూసింది.

"మగ్గం గదిలో ఆరేస్తాండావా?"

"దుమ్ము పడతాదని నువ్వే అంటివి."

"దుమ్ము లేని చోట ఎయ్యమన్యా. తీగల మీద ఎయ్యమన్యానా అత్తా?"

"నాకేం తెలుసు? పట్టుకు ఏమీ కానిది ఇనుముకు అవుతాదని ఎవురనుకుంటారు?"

"ఇనుము కాదత్తా. పైన రంగు, దాని మీద గాజు లాంటి పొర. గోరు గీరినా పడతాది." గొంతు పెంచలేదు గానీ, ఆ మాట చెప్పి బకెట్‌ను కాలితో పక్కకు నెట్టింది. నీళ్ళు ఒలికి కాలువలోకి పోయాయి. తాగే తొట్టిలోంచి తీసిన నీళ్ళు. నాకు ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఒలకబొయ్యి. ఇంకా ఒలకబొయ్యి. ఆ తొట్టి కూడా కుమ్మరించు."

ఆమె మెట్టు మీద కూర్చుంది. కొంతసేపటికి లేచి గూట్లోంచి పాలిష్ డబ్బా తీసింది. పసుపు తువ్వాళ్ళలో కవరు విప్పనిది ఒక్కటే ఉంది. దాన్ని విప్పి, నా చేతికిచ్చింది.

"తడిమి చూడు. ఏమన్నా ఉంటే చెప్పు."

అంగుళం అంగుళం తడిమాను. ఏమీ లేదని చెప్పాను. కుడి పక్క నుంచి మొదలుపెట్టింది. బొట్టంత పాలిష్ వేసి, అరచేయంత మేర తీసుకుని, మెత్తగా తిప్పి తిప్పి రుద్దడం. అది ఎండలో చేసే పని కాదట. పాత దుప్పటిని నాలుగు కట్టెలకు కట్టి నీడ చేశాను. మధ్యాహ్నం అన్నం తినమంటే వద్దంది. నేనూ తినలేదు. నాలుగు కొట్టేసరికి బానెట్ కుడి సగం బాగుపడింది. ఎడమ సగం అలాగే ఉంది. టాపు మీద ఎంత ఉందో చూడడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

తిప్పన్న హరిప్రసాద్ మోటారు సైకిలు వెనకాల కూర్చుని వచ్చాడు. దిగగానే కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. చక్రాల సందుల్లో వేలు పెట్టి చూసుకున్నాడు. లోపల తల పెట్టి వాసన చూశాడు. ముఖం బాగానే ఉంది. అప్పుడు బానెట్ దగ్గరికి వచ్చాడు.

"ఇదేందమ్మా? కోళ్ళు ఎక్కి కెలికినట్టుండాది."

"తప్పు నాది తిప్పన్నా," అన్నాను. "తువ్వాళ్ళు మగ్గం మీద ఆరేసినా. జరీ పట్టుకున్యది."

"నీది కాదులే అత్తా," అంది భాగ్య. "వాడే ముందు తువ్వాలు తడిమి చూసుకోవాల. షోరూములో మొదటి దినం నేర్పింది అదే. నేను చూసుకోలేదు, అన్నా."

ఆయన కుడి సగం మీద బొటనవేలు జరిపాడు. "ఇక్కడ లేవే."

"అవి తీసినా. ఇంకొక పూట ఇస్తే మొత్తం తీస్తా."

"యాడమ్మా పూట? రేపు తెల్లారి ఇది బెంగళూరు ఎయిర్‌పోర్టు కాడ ఉండాల." ఆయన తల గోక్కున్నాడు. హరిప్రసాద్ వైపు చూశాడు. వాడు నేల చూశాడు. "సరేలే. చక్రాలు, లోపలంతా బాగా చేసినావు. తెల్ల కార్లు మూడు ఉండాయి నా కాడ. అవి పంపిస్తా. వాటి మీద గీతలు పడినా ఎవురికీ కనపడవు."

నా ప్రాణం కుదుటపడింది. ఆరు పోయి మూడన్నా దక్కాయి. భాగ్యకు సైగ చేశాను. సరే అనమని.

"వద్దన్నా," అంది భాగ్య.

"ఏం వద్దు?"

"కనపడవని చెప్పి నాకు కారు ఇయ్యొద్దు. మొన్న ఎదురింటి తెల్ల కారు కడిగి చేయి అలవాటు చేసుకున్యా, దానికెన్ని పడినాయో నాకిప్పుడు తెలీదు. ఈ నల్లదాన్నే మళ్ళీ పంపించు. దీని మీదవి తీసినాకనే తెల్లవి ముట్టుకుంటా."

తిప్పన్న నా వైపు తిరిగాడు. "ఏమక్కా, నీ కోడలు బేరం నాకే చెప్తాండాది?"

నోటి దాకా వచ్చిన తిట్టును మింగి, "దానికి పనంటే పట్టింపు తిప్పన్నా," అన్నాను.

"వచ్చే ఆదివారం ఇది ఖాళీగా ఉంటే చూస్తాం," అన్నాడు ఆయన. వస్తుందని గానీ రాదని గానీ అనలేదు. హరిప్రసాద్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెండ్లాం వైపు చూడకుండానే కారు వెనక్కి తీశాడు. సందు మలుపు దగ్గర ఎండ పడి, ఎడమ పక్క గీతలు ఒకసారి మెరిసి పోయాయి.

"చేతికొచ్చినవి కాలదన్నుకున్యావు గదే," అన్నాను.

"ఈ తువ్వాళ్ళన్నీ పారేయాల," అంది ఆమె. నా మాట విననట్టే.

"పారేసేదేంది? ఇయ్యి."

వాటిని వాకిట్లో వెలుతురున్న వైపు వేసుకుని కూర్చున్నాను. గాజుకున్న పిన్నీసు తీసి, ఒక్కొక్క తువ్వాలు నూగు విడదీసి, జరీ ముక్కలను పైకి లాగడం మొదలుపెట్టాను. భాగ్య మేకు కొట్టి, స్నానాల గది వెనక, మగ్గానికి దూరంగా కొత్త తాడు కడుతోంది. సుత్తి దెబ్బ ఒక్కొక్కటి కోపంగానే పడుతోంది.

మొదటి తువ్వాల్లో పదకొండు దొరికాయి. రెండోదాంట్లో ఏడు. మూడోదాంట్లో ఏమీ దొరకలేదు. మొదటి నుంచి దాన్ని మళ్ళీ తడిమాను.