కదిరప్ప బస్సులో నిద్ర

మా అత్తమ్మ దయామణికి నిద్ర పట్టేది బస్సులోనే.

రొమ్ములో పుట్టిన పుండు ఎముకల దాకా పాకిందని, ఇక కోసి తీసేది లేదని మదనపల్లెలో డాక్టరమ్మ చెప్పేసింది. నిద్రమందు ఇస్తే అత్తమ్మ కొంగులో ఉమ్మేసేది. రాత్రంతా దిండుకు ఆనుకుని కూర్చుని తలుపు వైపు చూసేది. అది రెండో ప్రపంచ యుద్ధకాలం. నా పెళ్లయి మూడు నెలలు. బి.ఎ. చదివిన కోడలినే గాని, నిద్ర ముందు నా చదువు నిలవదు. పక్కన కాపలా కూర్చుంటే పది నిమిషాల్లో గురక పెట్టేదాన్ని.

ఓ శనివారం ఆమె చెల్లెల్ని చూడడానికి పుంగనూరు బయలుదేరాం. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సు, కిటికీ పక్క సీటు, ఒళ్లో సీతాఫలాలు. నాకు పండగే. ఊరు దాటకముందే అత్తమ్మ తల నా భుజం మీద వాలింది. అప్పటినుంచి ప్రతి శనివారం అదే ప్రయాణం. మీ అత్త మా బస్సును ఊయల చేసుకొనిందే అని డ్రైవరు కదిరప్ప ఎగతాళి చేసేవాడు.

నాలుగో శనివారం పుంగనూరులో బస్సు ఆగినా ఆమె లేవలేదు. చెయ్యి చల్లగా ఉంది. పిలిచాను. పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. బస్సు ఇంకా అదురుతుంటే ఊపిరి తగిలిందో లేదో తెలియలేదు. ఒళ్లోని పండ్లు దొర్లి కింద పడ్డాయి. ఆ చప్పుడుకు కళ్లు తెరిచింది.

"యాల లేపితివి పాపా? బాగా నిద్ర పట్టిండె."

ఇంట్లో పట్టని నిద్ర ఈ కుదుపుల్లో ఎలా పడుతుందని, ఏడుపు ఆపుకుంటూ అడిగాను.

"ఈడ కదిరప్ప మేలుకొని ఉండాడు గదా. ఇంట్లో అందురూ నిద్రపోతారు. నేను పోయినా తెల్లారేదాకా ఎవురికీ తెలీదు."

మరుసటి వారం ఆమె బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. ఆ ఎముకలు ఇక కుదుపులకు ఆగవని డాక్టరమ్మ ప్రయాణాలు మాన్పించింది. ఆ రాత్రి మంచం పక్కన స్టూలు వేసుకుని, కునుకు రాకుండా పాదాలు చన్నీళ్ల బేసినులో పెట్టాను. మా ఆయన జయరత్నం గడపలో నిలబడి నవ్వాడు.

"నేను మేలుకొనే ఉంటాను. పండుకో అత్తమ్మా" అన్నాను నేను.

ఆమె నా ముఖం వైపు చాలాసేపు పరీక్షగా చూసింది. ఆ తరువాత మెల్లగా ఒరిగి కళ్లు మూసుకుంది.

బేసినులో నీళ్ల చల్లదనం ఎప్పుడో పోయింది. అయినా నాకు కునుకు రాలేదు. ఆమె ఊపిరి వదిలిన ప్రతిసారీ, మళ్లీ తీసుకునేదాకా నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.