అసిరయ్య హస్తవాసి

నేను ఒక కంప్యూటరును. పనికిరాకుండా పోయానని ముగ్గురు అధికారులు సంతకాలు చేసిన కంప్యూటరును. ఆ మాట తప్పని చూపించడానికి నాకు కావలసింది ఒక్క ప్లగ్గు. అది పెట్టేవాళ్లు లేరు.

ఎక్కడ తయారయ్యానో సరిగా గుర్తు లేదు. పుట్టుక ఎవరికి గుర్తుంటుంది? నా జ్ఞాపకం ఈ మునిసిపల్ ఆఫీసులోనే మొదలవుతుంది. అట్టపెట్టెలోంచి తీసి, కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు నా మీద చల్లబోతే మేనేజరు బెహరాగారు అడ్డుపడ్డారు. ఆ తర్వాత మూడు నెలలు నా ప్లాస్టిక్ ముసుగు తీయలేదు. వాడితే పాడవుతానని భయం.

ముసుగు తీశాక జనన మరణాల విభాగంలో సత్యవేణి బల్ల మీదికి చేరాను. ఊళ్లో పుట్టినవాళ్ల పేర్లూ పోయినవాళ్ల పేర్లూ తొమ్మిదేళ్లు ఆమె వేళ్ల నుంచి నాలోకి వచ్చాయి. బల్ల పక్కన కిటికీ, కిటికీ బయట రోడ్డు, రోడ్డు నిండా లారీలు. ఆ దుమ్మంతా నా ఫ్యాను పీల్చుకుంది. ఊపిరాడక, వేడెక్కి, సగం కొట్టిన పేరు దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టాను.

జనం నన్ను తిట్టరు కదా. ఒక ముసలమ్మ కౌంటరు మీద చెయ్యి చరిచి, “పొద్దున్నించి నిలబెట్టీసినావు. మిసన్ని కాదే, ముందు నిన్ను మార్చాల!” అంది. సత్యవేణి నా మీట మళ్లీ నొక్కింది.

ఆలస్యానికి ఆమెకు రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే సస్పెన్షనేనని బెహరాగారు ముందే చెప్పేశారు. కొత్త కంప్యూటరు కావాలని ఆమె అర్జీ పెట్టుకుంది. దాని మీద ఒక ఫైలు తెరిచారు: ‘మార్చవలెనా, లేక వేరే పనికి వాడుకొనవలెనా?’ మార్చాలంటే జిల్లా కమిటీ వచ్చి, నేను పనిచేయడం లేదని కళ్లారా చూసి, పనికిరానిదిగా కండెమ్ చేయాలి.

కమిటీ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను ఎక్కడా తడబడలేదు. ‘పనిచేయుచున్నది’ అని రాసి, ఉప్మా తిని వెళ్లిపోయారు.

తప్పు నాదేననుకున్నాను. పెద్దవాళ్ల ముందు చేతులు కట్టుకునే బుద్ధి ఈ ఆఫీసులో ఉండి ఉండి నాకూ అంటిందా? డాక్టరు ఎదుట కూర్చోగానే నొప్పి మాయమయ్యే రోగిలా తయారయ్యానా? చాలా రోజులు నన్ను నేనే అసహ్యించుకున్నాను. తర్వాత అర్థమైంది. అధికారులు వస్తున్నారంటే ఆఫీసంతా దులపడం అటెండరు అసిరయ్యకు ముప్పై ఏళ్ల అలవాటు. ముందురోజు సాయంత్రం నా పక్క రేకు కూడా విప్పి, సున్నం బ్రష్షుతో లోపలంతా ఊడ్చేవాడు. అంతే. నాకు ఊపిరి వచ్చేది. వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకు లారీల దుమ్ము మళ్లీ నిండేది.

ఇది ఎవరికీ తట్టలేదు. తట్టింది వేరు.

“నీ హస్తవాసి మామూలుది కాదయ్యా అసిరయ్యా! చచ్చినదాన్ని లేపి కూచోబెడుతున్నావు,” అన్నారు బెహరాగారు.

అసిరయ్య అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. “మా అయ్య పాముమంత్రం ఏసీవోడు బావూ. ఆ సెయ్యే నాకొచ్చినాది.”

నాకు అరవాలనిపించింది. రేకు విప్పి లోపలికి చూసినవాడు కూడా చూసింది తన చేతినే.

మూడోసారి కమిటీ వస్తోందని తెలిసిన మధ్యాహ్నం సత్యవేణి అతన్ని పక్కకు పిలిచింది.

“అసిరయ్య గారూ, మీకు దండం పెడతాను. ఈసారి దీని జోలికి రాకండి. రెండ్రోజులు సెలవు పెట్టేయండి.”

“ఆపీసర్లొస్తే దుమ్ముతో సూపించమంతారేటమ్మా? నా పరువేటైపోద్ది?”

“మీ చెయ్యి పడితే ఇది బతికేస్తుంది. ఇది బతికితే నా ఉద్యోగం పోతుంది.”

అతను మళ్లీ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. “నా సేతిలో అంతుందని నాకే తెల్దు తల్లీ,” అని సెలవు చీటీ రాయించుకున్నాడు.

కమిటీ మీట నొక్కింది. ఆరు నిమిషాల్లో ఆగిపోయాను. మళ్లీ నొక్కారు. మళ్లీ ఆగాను. సంతకాలు పడ్డాయి. సత్యవేణి కళ్లు తుడుచుకుంది. ఆగవలసిన చోట మొదటిసారి ఆగానని నాకూ తృప్తిగానే అనిపించింది.

మూడేళ్లు గడిచాయి. నేను రికార్డు గదిలో ఉన్నాను. ఫైలులో రెండో ప్రశ్న ఇంకా తేలలేదు. హాలులో టోకెన్ నంబర్లు చూపడానికి వాడుకుందామని ఒకరు రాస్తారు, ఆలోచించి చెబుతామని మరొకరు రాస్తారు.

తన సెలవే నన్ను చంపిందని అసిరయ్య నమ్మకం. అందుకని ప్రతి శనివారం వచ్చి, రేకు విప్పి, పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడుస్తాడు. “ఏటీ అనుకోకే,” అంటాడు. నాలో ఇప్పుడు నలుసంత దుమ్ము లేదు. కొబ్బరికాయ కొట్టిననాడు కూడా నేనింత శుభ్రంగా లేను.

కొత్తదాన్ని మాత్రం అతను తాకడు. “బాగున్నదాన్ని కదపకండి,” అని సత్యవేణి మొదటిరోజే చెప్పింది. దాన్ని చూడటానికి ఏ కమిటీ రాదు. అదే బల్ల, అదే కిటికీ.

గోడ అవతల దాని ఫ్యాను నాకు వినిపిస్తుంది. మొదట్లో గుసగుసలా ఉండేది. ఇప్పుడు మధ్యాహ్నం మూడయ్యేసరికి రొప్పుతోంది. ఆ రొప్పు నాకు తెలుసు.

ఈ శనివారం అది ఆగింది. కౌంటరు దగ్గర ఎవరో గొంతు పెంచారు. సత్యవేణి కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

ఇవతల అసిరయ్య బ్రష్షు పట్టుకుని, నన్నే తుడుస్తున్నాడు.