తాళం పడిన జోలపాటలు

గొంతు ఆపరేషన్ తర్వాత డ్రైవరు భార్యకు మాట పోయింది. మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి తీసుకునేది. దానిమీద పల్చటి నూలు రుమాలు కట్టుకునేది. మొగుణ్ణి పిలవాలంటే చప్పట్లు కొట్టేది. ఏదైనా చెప్పాలంటే పెదవులు కదిపేది. ఏళ్ళ తరబడి బస్సు అద్దంలో జనం ముఖాలు చూస్తూ వచ్చిన డ్రైవరుకు ఆ పెదవులు చదవడం తొందరగానే పట్టుబడింది.

అంతకుముందు ఆవిడ పాడేది. పెద్ద పేరున్న గాయని కాదు. రికార్డింగ్ స్టూడియోలో వెనక వరసలో నిలబడి కోరస్ పాడటం ఆవిడ ఉద్యోగం. ఒకే ఒక్కసారి ఒక కంపెనీవాళ్ళు ఆవిడ ఒక్కదాని చేతే జోలపాటలు పాడించి, తమ ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకానికి పెట్టారు. డ్రైవరు కూడా అందరిలాగే అక్కడే కొని, హాల్లో ఉన్న కంప్యూటర్లోకి దింపుకున్నాడు. "సొంత పెళ్ళాం పాట కొనుక్కుని విన్న మొగుణ్ణి నేనొక్కణ్ణేరా" అని డిపోలో నవ్వించేవాడు.

కూతురికి నెలలు నిండుతున్నాయి. ఒకరోజు ఆవిడ చప్పట్లు కొట్టి, కంప్యూటర్ వైపు చూపించి, ఒళ్ళో బిడ్డ ఉన్నట్టు చేతులు ఊపింది.

"అమ్మాయింటికి పాటలు పట్టుకెళ్దామంటావా?"

తల ఊపింది. ఆపరేషన్ తర్వాత ఆవిడ తనకు కావాలని ఏదైనా అడగడం అదే మొదలు.

మర్నాడు ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. కౌంటర్లో అమ్మాయి జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్లు వరసగా పెట్టింది. ఒకదాని తెర అద్దంలా మెరుస్తోంది. ఒకటి సబ్బుబిళ్ళంత ఉంది, దానికి తెరే లేదు. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో తడిమి చూసింది. చివరికి పెద్ద గుండ్రటి మీట ఉన్నదాన్ని పట్టుకుంది. చేతిలో బిడ్డ ఉన్నా చూడకుండా నొక్కొచ్చని పెదవులతో చెప్పింది.

"ఇది పాటలన్నీ పాడుతుందా అమ్మా?" అని డ్రైవరు అడిగాడు.

"నిక్షేపంగా పాడుతుందండీ."

ఇంటికొచ్చి పాటలు ఎక్కించారు. సీడీల్లోంచి ఎక్కించుకున్న వేరే పాత పాటలు చక్కగా వినిపించాయి. ఆవిడ జోలపాట దగ్గరికి వచ్చేసరికి చిన్న తెరమీద అక్షరాలు పడ్డాయి. డ్రైవరు కూడబలుక్కుని చదివాడు. "ఈ పరికరంలో ఈ పాట వినడానికి అనుమతి లేదు."

తిరిగి దుకాణానికి పరిగెత్తాడు.

"కంపెనీవాళ్ళు పాటకి తాళం వేశారండీ. కాపీ చెయ్యకుండా," అంది కౌంటర్ అమ్మాయి. "మీ కంప్యూటర్లో కాకపోతే, వాళ్ళ సొంత ప్లేయర్లో అయితేనే తెరుచుకుంటుంది. అది ఇప్పుడు తయారు చెయ్యట్లేదు."

"ఈ ముక్క కొనేముందు చెప్పొద్దా?"

"నాకు మాత్రం ఏం తెలుసండీ, మీవి ఏ పాటలో."

ఆ పిల్లని తిట్టి ఏం లాభం అనుకుని బయటికొచ్చాడు. కంపెనీకి ఫోన్ చేస్తే చాలాసేపు వాయిద్యం వినిపించి, ఆ తర్వాత ఒకతను పలికాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడంటే, డ్రైవరుకు కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకలేదు.

"మీరు కొన్నది పాట కాదండీ. ఆ కంప్యూటర్లో దాన్ని వినే అనుమతి."

"ఆ పాట పాడింది మా ఆవిడేనయ్యా."

అవతల టకటకమని మీటలు నొక్కిన చప్పుడు. "పాడినవాళ్ళకి వేరే అనుమతి ఉన్నట్టు నాకేం కనబడట్లేదండీ. ఏమీ అనుకోకండి."

సంగతి విని కూతురు తేలిగ్గా తీసుకుంది. "దానికింత కంగారెందుకు నాన్నా? ఆదివారం మీ అల్లుడు టేప్ రికార్డర్ పట్టుకొస్తారు. కంప్యూటర్ పక్కన పెట్టి రికార్డు చేసేద్దాం. మీరు దేన్నీ కెలక్కండి."

ఆ మాటతో ఆవిడ ముఖం తేటపడింది. ఆ రెండు రోజులూ ఇంట్లో గిన్నెలు సర్దే చప్పుడులో కూడా హుషారు వినిపించింది డ్రైవరుకు.

శనివారం డ్యూటీ దిగి వచ్చి, రేపటికి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని కంప్యూటర్ ఆన్ చేశాడు. పాట మీద నొక్కగానే ఒక ప్రశ్న వచ్చింది. మీ అనుమతులు కొత్తవి చేసుకుంటారా? కొత్తవైతే మంచిదే కదా అనుకున్నాడు. అవునని నొక్కాడు. తెరమీద చక్రం తిరిగింది, తిరిగింది. ఆ అనుమతులిచ్చే విభాగాన్ని కంపెనీ మూసేసిందన్న మాట ఆ తర్వాత వచ్చింది. పాత అనుమతులు పోయాయి, కొత్తవి రాలేదు. పాటల పేర్లన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కొక్క పేరు పక్కన చిన్న తాళంకప్ప బొమ్మ.

వెనక్కి తిరిగితే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనే నొక్కాను," అన్నాడు.

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఒక్కొక్క పేరు మీదా తనే నొక్కి చూసింది. చివరిదాకా చూశాక పెదవులు కదిపింది. పోనీలెండి.

తిట్టి ఉంటే బాగుండుననిపించింది డ్రైవరుకు. సోమవారం సెలవు పెట్టి స్టూడియోకి వెళ్ళాడు. అసలు రికార్డింగులు ఎప్పుడో కంపెనీకి అప్పజెప్పేశామన్నారు. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. కొన్నవాళ్ళకు జోలపాటలన్న మాటే తెలియదు. అల్లుడు తెలిసినవాళ్ళనల్లా అడిగి చూశాడు. వాటిని కొని దాచుకున్నవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

మనవరాలు పుట్టింది. పగలంతా ఏడ్చే పిల్ల. ఒక మధ్యాహ్నం కూతురు అలసి పక్కగదిలో పడుకుంటే, అమ్మమ్మ పిల్లను భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతోంది. పిల్ల ఆగలేదు. డ్రైవరుకు ఉండబట్టక, తనకు గుర్తున్నమేరకు జోలపాట ఎత్తుకున్నాడు. బస్సు హారన్‌లాంటి గొంతు. మాటలు తప్పిన చోట ఆవిడ పెదవులతో అందించింది. ఆయన అందుకున్నాడు. మాటలు కుదిరాయి, బాణీ కుదరలేదు. ఆవిడ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఇలాగా?"

కాదు. ఇంకోలా పాడాడు. అదీ కాదు. ఆవిడ పిల్లను ఎడమచేతి మీదకు మార్చుకుని, కుడిచెయ్యి గాల్లో మెల్లగా పైకి లేపి, బాణీ ఎంత పైకి వెళ్ళాలో చూపించింది. ఎంత పైకో ఆయనకు అంతుపట్టలేదు. గొంతు పెంచి చూశాడు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉంచి, ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది.