మొదటి గంప ధర

ఇరవై రెండు జవాబు పత్రాల్లో ఒకే అంకె ఉంది. అయిదు రూపాయలు.

కరుణాకుమారి ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి చూసింది. అంకె పక్కన రాసిన కారణం కూడా ఇరవై రెండింటిలోనూ ఒకటే. "ఎప్పుడూ అంతే."

అది 1962 ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం. బోగోలు పక్కన కొత్తగా వెలసిన డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూములో ఆమె ఒక్కతే ఉంది. విశ్వవిద్యాలయం ఆమెకు అప్పగించిన పరిశోధన చిన్నదే. బి.ఏ. విద్యార్థులకు అర్థశాస్త్రం నోట్సు చెప్పి రాయిస్తే వస్తుందా, బజారు చూపిస్తే వస్తుందా? 'ఏ' సెక్షన్‌కు సీనియర్ లెక్చరర్ రంగనాయకులు గారు ఎక్కడ పనిచేసినా పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్న నోట్సే చెప్పారు. బి సెక్షన్‌ను ఆమె వారానికోసారి బస్సులో జువ్వలదిన్నె ఒడ్డుకు తీసుకెళ్ళి, చేపల వేలం చూపించి, ఆ ఇసుకలోనే పాఠం చెప్పింది. శనివారం రెండు సెక్షన్లకూ ఒకే ప్రశ్న ఇచ్చింది.

"జువ్వలదిన్నెలో ఈరోజు మామూలుకు రెట్టింపు చేప పడింది. ఐసు బండి రాలేదు. ఒడ్డున మొదటి గంప ఎంతకు పోతుంది? ఎందుకు?"

మామూలు రోజున గంప పన్నెండు రూపాయలు పలుకుతుంది. ధర తగ్గుతుందని రాసి కారణం చెబితే చాలు, ఏ అంకె వేసినా మార్కులు పడతాయి. అలాంటి ప్రశ్నకు బి సెక్షన్ ముప్పై మందిలో ఇరవై రెండు మంది అచ్చుగుద్దినట్టు ఒకే జవాబు రాశారు.

"కాపీ," అన్నారు వెనక నుంచి. రంగనాయకులు గారు ఎప్పుడు వచ్చారో, ఆమె భుజం మీదుగా చదివేశారు. "నేను మొదటే చెప్పినా గదమ్మా. ఒడ్డుకు తీసకపోతే చేపలు పట్టడం నేర్చుకుంటారు గానీ చదువు నేర్చుకోరని."

పావుగంటలో కబురు ప్రిన్సిపాల్ జకరయ్య గారికి చేరింది. ఆయన పత్రాలు తిరగేసి, ఇరవై రెండు పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని, కళ్ళజోడు తీశారు.

"రేపు పదకొండు గంటల ప్యాసింజరుకు ప్రొఫెసర్ జయరామయ్య గారు వస్తున్నారు. నీ పరిశోధన ఇంకో ఏడాది సాగాలా వద్దా తేల్చడానికి. ఆయన ముందు ఇది దాచిపెట్టి నేను ప్రార్థనకు మోకాళ్ళూనలేను తల్లీ. ఈ ఇరవై రెండు మందికీ ఈ ఏడు పరీక్షలు లేవు. నీ పరిశోధన సంగతి ఇక ఆయన ఇష్టం."

"రేపు పదకొండు దాకా గడువివ్వండి సార్."

"పదకొండు దాకానే."

ఆమె హాజరు పుస్తకం తెచ్చుకుని కూర్చుంది. పరీక్ష హాల్లో విద్యార్థుల్ని అక్షరక్రమంలో కూర్చోబెట్టారు. ఏ బెంచీ మీద ఎవరో గీసుకుని, అయిదు రూపాయలు రాసినవాళ్ళ పేర్ల కింద చుక్క పెట్టింది. చుక్కలు హాలంతా చెదిరిపోయాయి. చివరి బెంచీలో హజరత్తయ్య అయిదు అని రాశాడు. వాడి మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చున్నవాడు ఎనిమిది అని రాశాడు. పక్కవాడికి చూపించకుండా నాలుగు బెంచీల అవతలివాడికి ఎవడు చూపిస్తాడు?

ఈసారి పేర్ల పక్కన ఊళ్ళు రాసింది. పెన్సిలు ఆగిపోయింది. ఇరవై రెండు మందివీ సముద్రపు ఒడ్డు ఊళ్ళు. మిగిలిన ఎనిమిది మంది పైతట్టు వరిచేల వాళ్ళు. వాళ్ళంతా తలొక అంకె వేశారు.

ఇది కాపీ కాదు. ఒడ్డున ఉన్నవాళ్ళకు తెలిసినదేదో ఆమెకు తెలియదు.

తెల్లవారకముందే సైకిలెక్కింది. కాలేజీ బస్సు ఎప్పుడూ ఎనిమిదిన్నరకు గానీ ఒడ్డుకు చేరేది కాదు. అప్పటికి వేలం సగం అయిపోయి ఉండేది. పొద్దు పొడిచే వేళకు ఆమె అక్కడ నిలబడడం ఇదే మొదటిసారి.

మొదటి తెప్ప ఒడ్డుకు తగిలింది. హజరత్తయ్య లుంగీ ఎగగట్టి వల లాగుతున్నాడు. ఆమెను చూసి వల వదిలేశాడు.

"మేడం? ఇయ్యాల బస్సుందా?"

"లేదు. నువ్వు పని కానీ."

వాడి తల్లి మస్తానమ్మ కానాగంత చేపలు గంపకెత్తింది. చుట్టూ బేరగాళ్ళు పదిమంది ఉన్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. వాళ్ళ మధ్య నుంచి ఒక ముసలామె వచ్చి, కొంగుముడి విప్పి అయిదు రూపాయల నోటు మస్తానమ్మ చేతిలో పెట్టి, గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత రెండో గంప కింద పడిందో లేదో, పదిమందీ ఒక్కసారిగా అరుపులు మొదలుపెట్టారు.

"ఆమెవరు?" అంది కరుణాకుమారి.

"కామమ్మ," అంది మస్తానమ్మ. "మొదటి గంప వేలానికి రాదు పంతులమ్మా. సముద్రం మొగుణ్ణి తీసకపోయిన ఆడదానికి ఇచ్చేస్తాం. ఈ ఏడు కామమ్మ వంతు. ఊరికే ఇస్తే ముష్టి అయిపోతుందని అయిదు రూపాయలు తీసుకుంటాం. చేప పడినా అయిదే, పడకపోయినా అయిదే."

"అన్ని ఊళ్ళలోనూ ఇంతేనా?"

"ఈ ఒడ్డు పొడుగునా అంతే. పరీక్షలో ఈ లెక్కే అడిగినారంట గదా? మావాడు ఇంటికొచ్చి ఒకటే నవ్వు. మా మేడం ఎంత సులువు ప్రశ్న ఇచ్చిందో చూడమ్మా అని."

హజరత్తయ్య తల వంచుకున్నాడు. "అందరికీ తెలిసిందే గదా అని ఎక్కువ రాయలేదు మేడం."

"నాకు తెలియదురా," అంది ఆమె, సైకిలు తిప్పుతూ. "తొందరగా స్నానం చేసి కాలేజీకి రా. ఆ ఇరవై రెండు మందిలో ఒక్కరు కూడా తగ్గకూడదు."

పదకొండున్నరకు ప్రొఫెసర్ జయరామయ్య గారు ప్రిన్సిపాల్ గదిలో కాఫీ తాగుతూ సంగతంతా విన్నారు. సన్నగా, పొడుగ్గా ఉన్న ఆయన దేనికీ తొందరపడే మనిషిలా లేరు.

"కథ బాగుంది," అన్నారు రంగనాయకులు గారు. "రుజువేదీ?"

"ప్రశ్నలో ఒక్క మాట మారుస్తాను," అంది కరుణాకుమారి. "మొదటి గంప కాదు, రెండో గంప. ఇరవై రెండు మందినీ విడివిడిగా కూర్చోబెట్టి మీరే కాపలా ఉండండి సార్. పది నిమిషాలు చాలు."

రంగనాయకులు గారు పది నిమిషాలూ బెంచీల మధ్య గద్దలా తిరిగారు. పత్రాలు తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు ఆయన మొహంలో అనుమానం కొంచెం పలచబడింది.

ప్రొఫెసర్ ఒక్కొక్కటే పైకి చదివారు. ఒకడు ఏడు అన్నాడు, ఐసు లేదు కాబట్టి మధ్యాహ్నంలోగా అమ్ముకోక తప్పదని. ఇంకొకడు అయిదున్నర అన్నాడు. హజరత్తయ్య తొమ్మిది వేశాడు. ఉప్పుచేప చేసే ఆడవాళ్ళు చవక అనగానే పరుగెత్తుకొస్తారు, అందుకని అంతకంటే కిందికి దిగదట. ఇరవై రెండు పత్రాల్లో కలిసిన కారణాలు కొన్ని ఉన్నా, ఒకడి మాటలు ఇంకొకడివి కావు.

"గిరాకీ పెరిగి ధరను ఆపుతుందని ఈ అబ్బాయి తనంతట తాను కనుక్కున్నాడు," అన్నారు ప్రొఫెసర్. "'ఏ' సెక్షన్ పత్రాల కట్ట ఏదీ?"

జకరయ్య గారు బీరువాలోంచి తీసిచ్చారు. ప్రొఫెసర్ నాలుగు పత్రాలు చదివి, అయిదోది మొదలుపెట్టి ఆగారు.

"రంగనాయకులు గారూ, ఇంగ్లండులో గోధుమల ధర గురించి మీవాళ్ళు రెండేసి పేజీలు రాశారు. చేప మాటెక్కడా లేదు. సరే. మూడో పేరాలో ప్రతివాడూ 'ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎండగా ఉంది, ఆ కిటికీ మూయి' అని రాశాడేమిటి?"

రంగనాయకులు గారి చెవులు ఎర్రబడ్డాయి.

"అది... నోట్సు చెప్పేటప్పుడు అన్నాను సార్."

"అన్నీ రాసుకున్నారు పాపం," అన్నారు జకరయ్య గారు, నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తుడుచుకుంటూ. తరువాత నిన్న రాసిన ఇరవై రెండు పేర్ల జాబితా తీసి నాలుగు ముక్కలు చేశారు.

ప్రొఫెసర్ లేచారు. "ఇంకో ఏడాది ఇస్తున్నానమ్మా. కానీ నీ పనిలోనూ తప్పుంది. చేపల ఊళ్ళవాళ్ళందర్నీ ఒకే సెక్షన్‌లో పెట్టి చేపల ప్రశ్న ఇచ్చావు. వచ్చే ఏడు రెండు సెక్షన్లనూ కలిపి మళ్ళీ విడగొట్టు. ఒడ్డు పాఠం రంగనాయకులు గారు చెబుతారు. నోట్సు నువ్వు చెబుదువు గాని. అప్పటికీ ఫలితం ఇదే అయితే నమ్ముతాను."

ఆమె సరేనంది. రంగనాయకులు గారు కూడా సరేననక తప్పలేదు.

జూలైలో ఆయన మొదటి పాఠానికి అందరికంటే ముందుండాలని పొద్దు పొడవకముందే ఒడ్డుకు చేరారు. చంకలో కొత్త నోటు పుస్తకం ఉంది. మొదటి తెప్ప వచ్చింది. మస్తానమ్మ గంప నింపింది. ఎవరూ పలకకపోవడం చూసి, ఫిబ్రవరిలో విన్నదంతా మరిచి, ఆయన ఉత్సాహం పట్టలేక చెయ్యెత్తారు.

"ఆరు."

బేరగాళ్ళంతా ఆయన వైపు తిరిగారు. కామమ్మ నోటు చేతిలో పట్టుకుని, ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"అయ్యోరూ, పక్కకి జరగండి. ఇది నాది."

ఆయన జరిగారు. నోటు పుస్తకం తెరిచి, మొదటి పేజీలో మొదటి వాక్యం రాసుకున్నారు: మొదటి గంప వేలానికి రాదు.