ఏడు ముప్పావు

నేను ఒక కళ్ళజోడును, పిల్లలు సోడాబుడ్డి అని వెక్కిరించే రకాన్ని. బందరులోని ఒక దుకాణంలో నా అద్దాలను అరగదీసి, వకుళ అనే పిల్ల కోసమే తయారుచేశారు. ఆమె కళ్ళు సరిగ్గా గుండ్రంగా ఉండవట, ఒక పక్కకు కాస్త నొక్కుకుపోయి ఉంటాయట. అందుకని ఎనిమిది నంబరుకు తోడు, ఆ నొక్కును సరిచేసే సిలిండరు అనే పవరు కూడా ఒక నంబరు ఇచ్చి, ఆ నొక్కు ఎటుందో అటు తిప్పి బిగించారు. నా చూపు ఇంకెవరికీ పనికిరాదు. ఒకప్పుడు నా గర్వమంతా అదే. ఇప్పటి దిగులూ అదే.

వకుళ కూచిపూడి నేర్చుకునేది. తల్లి లేని ఆ పిల్లను పెంచింది పెద్దమ్మ మాణిక్యాంబ. నన్ను తీసి పక్కన పెట్టి నేల మీద ఆడినంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం దగ్గరే చిక్కొచ్చింది. నన్ను పెట్టుకుంటే ముక్కు మీంచి జారిపోతాను. తీసేస్తే పళ్ళెం పచ్చటి మరకలా కనిపించేది.

"అంచు కనపడందే పళ్ళెం ఎక్కనివ్వనమ్మా. కాలు విరుగుద్ది. ఉత్సవానికి ఇంకో పిల్ల ఆడుద్దిలే" అన్నారు నాట్యం నేర్పే మేస్టారు. ఆ పూట వకుళ అన్నం ముట్టలేదు.

అందుకే కాంటాక్టు లెన్సుల కోసం వెళ్ళాం. కళ్ళాసుపత్రిలో నస్రీన్ అనే అమ్మాయి నా చీటీ చూసింది. సిలిండరు తీసేసి, అందులో సగం మాత్రం ఎనిమిదికి కలిపింది. లెన్సు నాలా దూరంగా ఉండక కంటిమీదే కూర్చుంటుంది కాబట్టి అంత పవరు అక్కర్లేదంటూ తగ్గించి, చివరికి ఏడు ముప్పావు అని రాసింది.

పెద్దమ్మ ఊరుకోలేదు. "ఎనిమిది గజాల చీరడిగితే ఏడు ముప్పావు కోసిచ్చినట్టుంది! పిల్ల పళ్ళెం ఎక్కాలమ్మా. చీటీలో ఉన్నదంతా పెట్టు, పిసరు తగ్గించమాకు."

"ఉన్నదున్నట్టు పెడితే కళ్ళు లాగేసి తూలుద్ది మామ్మగారూ."

"మరి ఆ సిలిండరో?"

"అది లేకపోతే దీపాలకి కాస్త తోకలొస్తాయి, అంతే. అంచు కనపడుద్ది."

లెన్సులు పెట్టుకుని వకుళ కళ్ళు ఆర్పి చూసింది. "పెద్దమ్మా, నువ్వింత లావా!" అని పకపకా నవ్వింది. ఇన్నాళ్ళూ లోకాన్ని నేను చిన్నది చేసి చూపించానని నాకప్పుడే తెలిసింది.

ఉత్సవం నాడు వకుళ పళ్ళెం ఎక్కింది. మేస్టారి తాళానికి పళ్ళెం ముందుకు జరిగింది, పక్కకు తిరిగింది. కాలు తప్పలేదు. జనం ఈలలు వేశారు.

ఎప్పుడూ ఆట కాగానే వకుళ కళ్ళు చికిలించుకుంటూ తెర పక్కకు చెయ్యి చాపేది. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుని నన్ను ముక్కు మీద నిలిపేది. ఆ రోజూ అలవాటు కొద్దీ నా కాడలు విప్పి పట్టుకుని నిలబడింది. వకుళ గబగబా మెట్లు దిగి, మేస్టారి కాళ్ళకు దండం పెట్టి, స్నేహితురాళ్ళ గుంపులో కలిసిపోయింది.

పెద్దమ్మ నా కాడలు ఒక్కొక్కటే మడిచి, మరకేమీ లేని నా అద్దాలను కొంగుతో తుడిచింది.

"బాగా ఆడావే తల్లీ" అంది.

ఆ మాట వినేంత దగ్గర్లో నేనొక్కదాన్నే ఉన్నాను.